సొట్టపై సంపూర్ణ అవగాహన

కొబ్బరికాయల లారీ వెనక్కి వస్తూ వస్తూ మేళం వ్యాను డొక్కలో పొడిచినప్పుడు సూర్యచంద్రం రోడ్డవతల నిలబడి టీ తాగుతున్నాడు. మనిషికేం కాలేదు. బావమరిది చిట్టెయ్యకీ ఏం కాలేదు. వాడి సన్నాయికీ ఏం కాలేదు, ఎందుకంటే టీ తాగేటప్పుడు కూడా సన్నాయిని చంకలోంచి తియ్యని అలవాటు వాడిది. వ్యానుకి మాత్రం, పక్కకి జరిపే తలుపు మధ్యలో గంగాళమంత సొట్ట పడింది. ఆ సొట్ట లోపలికి పొడుచుకుపోయి, వెనక సీటు ఇనప చట్రానికీ తనకీ మధ్య సూర్యచంద్రం డోలుని బిగించి పట్టుకుంది.

లాగితే రాదు. ఇంకాస్త గట్టిగా లాగితే వస్తుంది గానీ, ఎడమ మూత చర్మాన్ని తలుపు రేకుకి వదిలేసి వస్తుంది.

లారీ డ్రైవరు మర్యాదస్తుడు. తప్పు నాదేనన్నాడు. బాగుచేయించే ఖర్చంతా మా షావుకారుదేనని అక్కడికక్కడే ఫోను కలిపి ఒప్పించేశాడు. కాబట్టి డబ్బు పేచీ లేదు. డబ్బు పేచీ లేని ప్రమాదం కూడా మన దేశంలో అంత దూరం వెళ్ళగలదని సూర్యచంద్రం అప్పటికి ఎరగడు.

ఎదర మాఘమాసం. పెళ్ళిళ్ళ రోజుల్లో డోలు అరువు అడగడమంటే పంక్తిలో కూచున్నవాణ్ణి విస్తరి అరువు అడగడమే. పైగా అది అలాంటిలాంటి డోలు కాదు. తండ్రి ఏరి తెచ్చిన పనసదుంగతో తొలిపించింది. దాని మీద తప్ప సూర్యచంద్రం చెయ్యి ఇంకోదాని మీద ఆడదు. ఇక డోలు లేని సన్నాయంటారా, ఒంటరిగా కూచుని ఏడుస్తున్నట్టుంటుంది, ఏ పెళ్ళివారూ దాన్ని గుమ్మంలోకి రానివ్వరు. అందుకని వ్యానుని అలాగే మెల్లగా నడిపించుకుంటూ తిన్నగా త్రిమూర్తులు టింకరింగు షాపుకి తీసుకెళ్ళాడు. త్రిమూర్తులు ఊళ్ళో సొట్టలన్నీ తీసే మనిషి. సుత్తి పుచ్చుకుంటే గంట పని.

"సొట్ట తియ్యి త్రిమూర్తులూ, డోలట్టుకుని ఎల్పోతాను" అన్నాడు సూర్యచంద్రం.

త్రిమూర్తులు సొట్టకేసి ప్రేమగా చూశాడు గానీ, చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు. "ఇప్పుడు సుత్తి ముట్టుకోకూడదండి. ముందు తవరికి ఎస్టిమేటు అర్థం కావాలండి."

"నాకెందుకు అర్థం కావడం? నీకు అర్థమైతే సాలదా?"

"నాకు అర్థం కానక్కర్లేదండి. రూల్లో ఓనరుకి అనే ఉందండి" అన్నాడు త్రిమూర్తులు ధీమాగా.

ఆ ఏడాది రాష్ట్రమంతా అవగాహన గాలి వీస్తోంది. చేతులు కడుక్కోవడం మీద అవగాహన, నిద్రపోవడం మీద అవగాహన, అవగాహన సదస్సులకి హాజరు కావలసిన అవసరం మీద అవగాహన. అలాంటి గాలిలో ఒక పెద్ద ఆఫీసరు గారి కారు ఎక్కడో గీరుకుంది. ఆయన ఎస్టిమేటు చదివాడు, అర్థం కాలేదు. అడగడానికి హోదా అడ్డొచ్చి సంతకం పెట్టేశాడు. ఆ రాత్రి ఆయనకి నిద్ర పట్టలేదు. నాకే అర్థం కానిది సామాన్య ప్రజలకి ఎలా అర్థమవుతుందని ప్రజల తరఫున బాధపడ్డాడు. పెద్దవాళ్ళు ప్రజల తరఫున బాధపడితే ఒక ఆఫీసు పుడుతుంది. అలా పుట్టినదే వాహన నష్ట అవగాహన కేంద్రం. ఎస్టిమేటు తనకి అర్థమైందని వాహన యజమాని కేంద్రం నుంచి ధ్రువపత్రం తెచ్చుకునేదాకా ఆ వాహనం మీద పనిముట్టు పడితే నేరం. అంతవరకు సొట్ట పడింది పడినట్టే ఉండాలి. దాని చుట్టూ తెల్లరంగుతో సున్నా చుట్టి, పక్కన లక్క సీలు వేస్తారు.

త్రిమూర్తులు సున్నా చుట్టాడు. లోపల్నించి పంచాంగమంత ఎస్టిమేటు తెచ్చి చేతిలో పెట్టాడు. తలుపు తీయుట, తలుపు పెట్టుట. పిడి తీయుట, పిడి పెట్టుట. అద్దము తీయుట, అద్దము పెట్టుట. రేకు సరిచేయుట. పక్క పలకకు రంగు కలుపుట. కనిపించని నష్టము, విప్పిన పిమ్మట తెలియును. సూర్యచంద్రం నాలుగు పేజీలు తిప్పి ఆగాడు.

"పక్క పలకకి దెబ్బే తగల్లేదు గదా. దానికి రంగెందుకు?"

"ఆ మాట ఇక్కడ అడక్కూడదండి. సెంటర్లో అడగాలండి. నేను గానీ సెప్పేనంటే నా లైసెన్సు పోద్ది."

"నీకు తెలుసా, తెలీదా?"

"అదీ సెప్పకూడదండి."

*

కేంద్రంలో ఆ పూట సదస్సు జరుగుతోంది. వేదిక మీద ఒక సొట్ట బానెట్టుకి బంతిపూల దండ వేసి నిలబెట్టారు. జ్యోతి వెలిగించారు. ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు. ముఖ్య అవగాహనాధికారి పానకాలరావు గారు మైకు ముందుకొచ్చి, సొట్ట అనునది రేకునకు కలిగిన బాధ కాదనియు, పౌరునకు కలిగిన అవకాశమనియు వివరించారు. జనం చప్పట్లు కొట్టారు. వాళ్ళలో సగం మంది బళ్ళు నెలల తరబడి షాపుల్లో మూలుగుతున్నాయి. పరీక్షాధికారికి మొహం గుర్తుండాలని గట్టిగానే కొట్టారు.

పానకాలరావు గారు చెడ్డవారని ఎవరూ అనలేరు. లంచం ముట్టరు. కాఫీ కూడా ఇంటి నుంచే ఫ్లాస్కులో తెచ్చుకుంటారు. రూలంటే ఆయనకి కడుపున పుట్టిన బిడ్డతో సమానం. మనిషి అలాంటివాడు కాబట్టే ఆయన నుంచి తప్పించుకునే దారి లేదు.

"సదరు అంచనా పత్రమును తాము ఆమూలాగ్రము పఠించినారా?" అని అడిగారు, సదస్సయ్యాక సూర్యచంద్రాన్ని తన గదిలోకి పిలిపించి.

"సదివించుకున్నానండి" అన్నాడు సూర్యచంద్రం.

"అవగతమైనదా?"

"అయ్యిందండి."

"సందేహములు ఏమైనా కలవా?"

"లేవండి."

పానకాలరావు గారు కళ్ళజోడు తీశారు. "సందేహమే కలగని వ్యక్తికి అవగాహన కలిగినదని కేంద్రము విశ్వసించజాలదు. వచ్చే వారము రండి."

వచ్చే వారం వెళ్ళి, సందేహం ఉందని చెప్పి, పక్క పలకకి రంగెందుకని అడిగాడు సూర్యచంద్రం. ఆ ప్రశ్నకి పానకాలరావు గారి మొహం వికసించింది. కొత్తగా వేసిన రంగు, పాత రంగు పక్కపక్కన ఉంటే తేడా తెలుస్తుందనీ, ఆ తేడా తెలియకుండా పక్క పలక మీదికి కూడా కొంచెం కొంచెంగా పలచన చేసుకుంటూ వెళ్ళాలనీ, ఇది వాహన భాగాల నడుమ సామరస్యానికి సంబంధించిన విషయమనీ విడమరచి చెప్పారు. బాగా చెప్పారు. సూర్యచంద్రానికి నిజంగానే అర్థమైంది. సంతోషంగా లేవబోయాడు.

"తమరికి సందేహము కలిగినది. అనగా అవగాహన లేదు. వచ్చే వారము రండి" అన్నారు పానకాలరావు గారు.

మూడోసారి ప్రశ్న మారింది. "కనిపించని నష్టము అనగా నేమి?"

ఇది మాత్రం సూర్యచంద్రానికి గుండెల్లో ఉంది. "నా డోలండి. తలుపు లోపల ఇరుక్కుపోయిందండి. బయటోళ్ళెవరికీ కనపడదండి. రెండు పెళ్ళిళ్ళు పోయినియ్యండి."

పానకాలరావు గారు ఉలిక్కిపడ్డారు. వాహన భాగాల పట్టిక తెప్పించి అకారాది క్రమంలో వెతికారు. డోలు లేదు. స్వయంగా జీపెక్కి త్రిమూర్తులు షాపుకి వచ్చారు. డ్రైవరు సీటు మీదుగా లోపలికి వంగి, డోలుని పట్టుకుని కదిపారు. కదల్లేదు. ఆయన బయటికి వచ్చి, చెమట తుడుచుకుని, అక్కడికక్కడే నిర్ణయం ప్రకటించారు.

"వాహనమునకు బిగిసియుండి, పనిముట్టు లేనిదే విడివడని సర్వ వస్తువూ వాహన భాగమే. అంచనా పత్రములో చేర్చవలెను."

త్రిమూర్తులు పెన్సిలు నాలిక మీద తడి చేసుకుని రాసుకున్నాడు. డోలు తీయుట.

"తీయుట ఉన్నచోట పెట్టుట ఉండవలెను" అన్నారు పానకాలరావు గారు.

డోలు పెట్టుట అని కూడా రాసుకున్నాడు త్రిమూర్తులు.

"ఎక్కడ పెట్టుటండి?" అన్నాడు సూర్యచంద్రం.

"ఏ భాగమును తీసిన అక్కడే పెట్టవలెను గదా. అదియును గాక, డోలు సొట్టకు ఆనుకొనియున్నది. అనగా పక్క పలక వంటిది. సామరస్యము నిమిత్తము దానికిని వాహనపు నీలిరంగు కలుపవలసియుండును."

ఇన్నాళ్ళూ సూర్యచంద్రం సొట్ట ఎప్పుడు తీస్తారా అని ఏడ్చాడు. ఇకమీదట తీసినా ఏడవాలి. డోలుని బయటికి తీసి, నీలంగా రంగేసి, మళ్ళీ అక్కడే ఇరికించి సీలేస్తారన్నమాట. త్రిమూర్తులు మాత్రం మంచి ప్రైమరు వాడతానండి, మెరిసిపోద్దండి అని ధైర్యం చెప్పాడు.

*

ఈలోగా ఊరు తన దారి తను చూసుకుంది. పరీక్ష అనే మాట వినపడితే మనవాళ్ళకి మొదట గుర్తొచ్చేది కోచింగు. బస్టాండు ఎదర మేడ మీద ఎస్టిమేట్ కోచింగ్ సెంటర్ వెలిసింది. మాదిరి ప్రశ్నలు, బట్టీ పట్టాల్సిన జవాబులు, వారానికో మోడల్ టెస్టు. గెలిచినవాళ్ళ ఫోటోలతో ఫ్లెక్సీలు కట్టారు. తెల్లారగట్ల ఆ మేడ కింద నడిస్తే, బంపరు తీయుట, బంపరు పెట్టుట అని వేదపాఠశాలలా వినపడేది. తల్లులు పిల్లల్ని కూడా చేర్పించడం మొదలెట్టారు. కార్లు లేవు గదా అంటే, రేప్పొద్దున్న కొన్నాక గుద్దుకోకుండా ఉంటారా, ముందే నేర్చుకుంటే మంచిదేగా అన్నారు.

బావ పడుతున్న అవస్థ చూడలేక చిట్టెయ్య కూడా వెళ్ళి చేరాడు. చిన్నప్పుడు ఎక్కాలు రాక బడి మానేసిన చిట్టెయ్య జిల్లాకి ఫస్టు వచ్చాడు. సన్నాయి పట్టుకున్న ఫోటోతో బస్టాండులో ఫ్లెక్సీ లేచింది. సూర్యచంద్రం ఆశగా వాడి ధ్రువపత్రం పట్టుకుని పరుగెత్తాడు గానీ, వ్యాను చిట్టెయ్య పేరున లేదు కనక అది చెల్లదన్నారు. చిట్టెయ్య పేరున ఉన్నది ఒక సైకిలు. దానికి సొట్ట లేదు.

"సైకిలుకి సొట్ట పెట్టించుకోమన్నారు బావా, పత్రం వాడుకలోకొత్తదంట" అన్నాడు చిట్టెయ్య.

సూర్యచంద్రం వాడి మొహం చూడకుండా లేచి వెళ్ళిపోయాడు.

రోజూ పొద్దుగూకే వేళకి షాపుకి వెళ్ళేవాడు. డ్రైవరు తలుపు తీసుకుని లోపలికి దూరి డోలు పక్కన ముడుచుకుని కూచునేవాడు. కుడి మూత తనవైపుకి ఉంది. దాని మీద వేళ్ళతో మెల్లగా తట్టేవాడు. కుడి మూత పలికేది. ఎడమ మూత రేకుకి నొక్కుకుపోయి, గొంతు పట్టుకున్న మనిషిలా గుడగుడమనేది. ఆ చప్పుడు వింటూ సూర్యచంద్రం, నలభై ఏళ్ళ మనిషి, నలుగురూ చూస్తారన్న సిగ్గు కూడా లేకుండా కళ్ళు తుడుచుకునేవాడు.

*

ఒకరోజు పానకాలరావు గారు సూర్యచంద్రం ఇంటికే వచ్చారు. చేతిలో లక్క సీలు లేదు, వెండి కుంకుమ భరిణె ఉంది. వెనక భార్య రాజ్యలక్ష్మి గారు శుభలేఖల సంచీతో నిలబడి ఉన్నారు. బొట్టు పెట్టి శుభలేఖ ఇచ్చారు.

"మా అమ్మాయి హైమ పెళ్ళయ్యా" అన్నారు పానకాలరావు గారు. ఆఫీసు పని కానప్పుడు ఆయన మామూలు మనిషిలాగే మాట్లాడతారు. "పోయినేడాది గుడి ఉత్సవాల్లో నీ డోలు విన్నది మొదలు, నా పెళ్ళికి ఆ డోలే కావాలని పట్టుబట్టి కూచుంది. ఒక్కగానొక్క పిల్ల. కాదనకు."

"డోలు తవరి సీలు కిందే ఉందండి" అన్నాడు సూర్యచంద్రం.

పానకాలరావు గారు ఆ సంగతే మర్చిపోయారు. గుర్తొచ్చి మొహం పాలిపోయింది. రాజ్యలక్ష్మి గారు భర్తకేసి చూశారు. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో ఆ చూపుకి ఆయన నేర్చుకున్న అర్థం ఒకటే.

"దాన్ని విప్పించెయ్యండి. ఒక్క సంతకమేగా" అన్నారావిడ.

"అలా కుదర్దు రాజ్యం. నా కూతురి పెళ్ళని నేనే రూలు సడలిస్తే రేపు నలుగురూ నా మొహాన ఉమ్మేస్తారు."

"డోలు లేకపోతే వియ్యాలవారే ఆ పని చేస్తారు."

పానకాలరావు గారు అరుగు మీద కూలబడ్డారు. తర్వాత మెల్లగా ఆయన కళ్ళలోకి ఆఫీసు వెలుగు వచ్చింది. జేబులోంచి కలం తీశారు. రూలు మరమ్మతుని నిషేధించింది గానీ, వాయించడాన్ని నిషేధించలేదు. సీలు పడ్డ బండిని నడపకూడదంది గానీ, తోసుకు రావడాన్ని కూడా నిషేధించలేదు. శుభలేఖ కవరు వెనకాలే చిత్తు రాసి, మర్నాటికి ముద్ర వేసి పంపించారు.

"సదరు వాహనమునందు చిక్కుకొనియున్న వాద్యమును, అది ఉన్నచోటనే ఉంచి వాయించుట కళ యగును గాని మరమ్మతు కానేరదు. ముహూర్త సమయమున ఎంత గట్టిగా వాయించిననూ కానేరదు."

చివరి వాక్యం గట్టిమేళం కోసం ముందుచూపుతో చేర్చారు. దాని సంగతి తర్వాత చెప్తాను.

*

పెళ్ళినాడు త్రిమూర్తులు, ఇంకో నలుగురు కలిసి వ్యానుని తోసుకుంటూ కల్యాణ మండపానికి తీసుకొచ్చారు. రాజ్యలక్ష్మి గారు దానికి మామిడి తోరణాలు కట్టించారు, టైర్లకి పసుపు రాయించారు. తెల్ల సున్నా, అందులో సొట్ట, పక్కన లక్క సీలు మాత్రం కట్టుదిట్టంగా అలాగే ఉన్నాయి. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు అది ఈ జిల్లా ఆచారమేమో అనుకుని దండం పెట్టుకున్నారు.

చిట్టెయ్య వ్యాను పక్కన కుర్చీ వేసుకుని సన్నాయి ఎత్తుకున్నాడు. సూర్యచంద్రం లోపల మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూచున్నాడు. డోలుకి కుడిపక్క వేళ్ళతో వాయిస్తారు, ఎడమపక్క పుల్లతో. కుడి మూత అందుతోంది. ఎడమ మూత ఉండాల్సిన చోట రేకు ఉంది. పుల్ల ఎక్కడ పడాలి? పడితే రేకు మీదే పడాలి. మొదట్లో సంకోచించాడు. ఆర్డరు గుర్తొచ్చింది. కళ యగును గాని మరమ్మతు కానేరదు. రేకు మీద మెల్లగా ఒకటి వేశాడు. టంగుమంది. జనం వెనక్కి తిరిగి చూశారు. ఆ మాటకొస్తే లయ బాగానే కుదిరింది.

పురోహితుడు మంగళసూత్రం పెళ్ళికొడుకు చేతికిచ్చి వేలు పైకెత్తాడు. అందరికన్నా ముందు పెళ్ళికూతురి తండ్రే వ్యాను వైపు తిరిగి, చెయ్యి ఊపుతూ, "గట్టిమేళం, గట్టిమేళం" అని కేక పెట్టారు.

సూర్యచంద్రం కళ్ళు మూసుకున్నాడు. వచ్చే వారము రండి అన్న మాటలన్నీ చెవిలో మోగాయి. పోయిన పెళ్ళిళ్ళు, నీలిరంగు డబ్బా, సైకిలుకి పెట్టించుకోమన్న సొట్ట, అన్నీ ఒక్కసారి ఎడమచేతిలోకి దిగాయి. ఆ చెయ్యి పుల్లతో రేకుని ఎలా ఉతికిందో అతనికే తెలీదు. మండపం పైకప్పు మీది పావురాలు లేచిపోయాయి. మూడు ముళ్ళలో రెండు పడ్డాయి. మూడో ముడి పడుతుండగా రేకు పెద్దగా ఢబ్బుమంది.

సొట్ట బయటికి వచ్చేసింది.

లక్క సీలు ఎగిరి ఎవరి పాయసంలోనో పడింది. తలుపు దానంతటదే గడగడా జరిగింది. సూర్యచంద్రం డోలుతో సహా బయటికి దొర్లాడు. దొర్లినవాడు లేస్తూనే డోలు మెళ్ళో వేసుకున్నాడు. వేస్తూనే వాయించాడు. ఎక్కడ ఆపాడో అక్కడ్నించే అందుకున్నాడు, దెబ్బ తప్పలేదు. ఇన్నాళ్ళకి ఎడమ మూత నిండుగా, కడుపులోంచి పలికింది. ఆ పలుకు వినగానే అతనికి ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుస్తూనే వాయించాడు. జనం అక్షింతలు సగం దంపతుల మీద, సగం అతని మీద వేశారు. హైమ తలంబ్రాల పళ్ళెం పక్కన తలొంచుకుని నవ్వాపుకోలేక భుజాలు కదుపుతోంది.

పానకాలరావు గారు గుప్పెట్లో అక్షింతలు పట్టుకుని బిర్రబిగిసిపోయారు. ఆయన చూపు తెల్ల సున్నా మీద ఉంది. సున్నాలో ఏమీ లేదు.

"అనుమతి లేని మరమ్మతు" అన్నారు నెమ్మదిగా.

"ముందు అక్షింతలు వెయ్యండి. విచారణ భోజనాలయ్యాక" అన్నారు రాజ్యలక్ష్మి గారు.

*

విచారణ సోమవారం కేంద్రం ఆవరణలో జరిగింది. వ్యానుని కూడా పిలిపించారు. సూర్యచంద్రం డోలు మెళ్ళో వేసుకునే వెళ్ళాడు. నిద్రలో కూడా తియ్యడం లేదు.

పానకాలరావు గారు రెండు రాత్రులు ఆలోచించినట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆయన ఇబ్బంది ఆయనది. సొట్ట పోయిందని రాస్తే మరమ్మతు జరిగినట్టు. గట్టిమేళమని కేక వేసింది ఆయనే. ఎంత గట్టిగా వాయించినా మరమ్మతు కాదని రాసిందీ ఆయనే. తన ఆర్డరు తప్పని తను రాయలేరు. కాబట్టి మరమ్మతు జరగలేదు. మరమ్మతు జరగకపోతే సొట్ట ఉన్నట్టు.

"జాగ్రత్తగా వినండి" అన్నారు. "సొట్ట లేదని తాము వాంగ్మూలమిచ్చినచో, అవగాహన లేకయే మరమ్మతు చేసుకొన్నట్లగును. సదరు డోలు అనుమతి లేక తొలగించిన వాహన భాగమగును. దానిని స్వాధీనపరచుకొని, రంగు కలిపి, యథాస్థానమున పెట్టించవలసి వచ్చును. అట్లు కాక, తమకు అంచనా పత్రము అర్థమైనచో ఏ పేచీయు లేదు. ఇది ఆఖరి పరీక్ష."

సూర్యచంద్రం రెండు చేతులూ డోలు చుట్టూ వేశాడు.

"కనిపించని నష్టము అనగా నేమి?"

సూర్యచంద్రం వ్యానుకేసి చూశాడు. తలుపు నున్నగా ఉంది. చుట్టూ తెల్ల సున్నా అలాగే ఉంది. ఎండ దాని మీద పడి మెరుస్తోంది. చాలాసేపు చూశాక అతనికి అర్థమైంది. ఎస్టిమేటు మాత్రమే కాదు, కేంద్రం, ఆ దండ వేసిన బానెట్టు, బస్టాండు ఫ్లెక్సీలు, అన్నీ కలిపి ఒకేసారి అర్థమయ్యాయి.

"అదేనండి. ఆ సున్నాలో ఉన్నదేనండి" అన్నాడు. "ఉందండి. కనపట్టంలేదండి."

పానకాలరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఉద్యోగంలో చేరాక ఇంత సంపూర్ణమైన జవాబు ఆయన వినలేదు.

"సందేహములు?" అన్నారు, వినీ వినపడనట్టు.

లేవంటే తప్పు. ఉన్నాయంటే తప్పు. సూర్యచంద్రం డోలుని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. "ఒకటుండేదండి. తవరి దయవల్ల తీరిపోయిందండి."

పానకాలరావు గారు లేచి నిలబడి ధ్రువపత్రం మీద సంతకం పెట్టారు. ఇవ్వబోతూ ఆగారు. "డోలు పెట్టుట అని ఒకటున్నది."

"పెట్టేసేనండి. మెళ్ళో పెట్టుకున్నాను గదండి. ఎక్కడ పెట్టాలో అందులో రాయలేదండి."

ఆయన కాగితం తిప్పి చూశారు. నిజమే, రాయలేదు. రంగు సంగతి కాసేపు ఆలోచించి, డోలు ఇక పక్క పలక కాదు కనక సామరస్యము అవసరపడదని అంచున రాశారు.

ఇక ధ్రువపత్రం వచ్చింది గనక ఎస్టిమేటులో ఉన్న పనులన్నీ జరిగి తీరాలి. త్రిమూర్తులు ఇన్నాళ్ళకి సుత్తి పట్టాడు. తలుపు తీశాడు, పెట్టాడు. పిడి తీశాడు, పెట్టాడు. రేకు సరిచేయుట దగ్గరికి వచ్చాడు. సొట్టని లోపల్నించి బయటికి కొట్టాలని పనివాళ్ళ పద్ధతి. సొట్ట లేదు. అయినా పద్ధతి ప్రకారం లోపల్నించి, సున్నా గురి చూసుకుని, చెమటలు కక్కుతూ మనస్ఫూర్తిగా కొట్టాడు. నున్నటి రేకు బయటికి ఉబ్బుకొచ్చి, కుర్రాడి నుదుటి మీద బొప్పిలా నిలబడింది. పానకాలరావు గారు వచ్చి దాని మీద చెయ్యి వేసి నిమిరి, సంతృప్తికరము అని ముద్ర వేశారు.

చిట్టెయ్య స్టీరింగు ముందు కూచుని కిటికీలోంచి తొంగి చూశాడు. జిల్లా ఫస్టు వచ్చినవాడు కదా, ఊరుకోలేకపోయాడు.

"బావా, బొప్పి కట్టిందే. దీనికీ ఎస్టిమేటు రాయించాలి గదా."

"నోర్మూసుకుని పోనీ" అన్నాడు సూర్యచంద్రం.

సాయంత్రం కడియంలో పెళ్ళి ఉంది. వ్యాను బొప్పేసుకుని రోడ్డెక్కింది. లోపల వెనక సీటు దగ్గర ఇప్పుడు బోలెడు చోటుంది, బొప్పి పుణ్యమా అని డోలుకి కొలిచినట్టు గుంట కూడా ఏర్పడింది. సూర్యచంద్రం అటు చూడనైనా చూడలేదు. డోలుని ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూచున్నాడు. ఊరు దాటుతుంటే ఎదర్నించి కొబ్బరికాయల లారీ ఒకటి వస్తూ కనపడింది. సూర్యచంద్రం డోలుని రెండు చేతులా గుండెలకి పొదువుకుని, అది దాటిపోయేదాకా వదల్లేదు.